పాత 32-బిట్ యాప్, కొత్త 64-బిట్ కెర్నల్: మధ్యలో ఆ 4 బైట్ల గొడవేంటి?

నా దగ్గర రెడ్‌మీ 2 ప్రైమ్ ఇంకా ఉంది. 2015లో మన శ్రీసిటీలో అసెంబుల్ అయిన మోడల్. అప్పటికి అది చిత్తూరు జిల్లా. చిప్ స్నాప్‌డ్రాగన్ 410, అంటే 64-బిట్. కానీ ఫోన్‌తో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 మాత్రం 32-బిట్. యాప్‌కీ కెర్నల్‌కీ ఒకటే లెక్క కాబట్టి పేచీ లేదు.

పేచీ వచ్చేది 64-బిట్ కెర్నల్ మీద 32-బిట్ యాప్ నడిపినప్పుడు. యాప్ ఒక స్ట్రక్చర్ పంపింది అనుకోండి: ముందు ఇంట్, తర్వాత లాంగ్. 32-బిట్‌లో లాంగ్ 4వ బైట్ దగ్గర మొదలవుతుంది, మొత్తం 8 బైట్లు. 64-బిట్‌లో లాంగే 8 బైట్లు, పైగా 8వ బైట్ దగ్గరే కూర్చోవాలి. మధ్యలో 4 బైట్లు ఖాళీ, మొత్తం 16. కెర్నల్ తన లెక్కలో చదివితే దొరికేది చెత్త. హైదరాబాద్ బస్సులో సీటు నంబర్లు మార్చేసి పాత టికెట్‌తో ఎక్కమన్నట్టు! ఎర్రర్ వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు, నాకు భయం అక్కడే.

అందుకే లైనక్స్‌లో కంపాట్ లేయర్ పెట్టారు. పాత యాప్ పంపినదాన్ని పాత కొలతలతోనే చదివి, కొత్త అమరికలోకి మార్చుకుంటుంది. కొత్త ఇంటర్‌ఫేస్‌లలో అయితే లాంగ్ జోలికి పోకుండా సైజు మారని టైపులు వాడమంటారు. ఖాళీ బైట్లకీ ప్యాడింగ్ అని పేరు పెట్టి, అక్కడ సున్నా లేకపోతే కాల్ తిప్పికొట్టమంటారు. అలా చేస్తేనే రేపు ఆ చోటు ఇంకోదానికి వాడుకోవచ్చు.

2022లో వచ్చిన పిక్సెల్ 7 అయితే 32-బిట్ యాప్‌లనే వదిలేసింది. నా రెడ్‌మీలోని పాత యాప్‌లు అందులో ఎక్కవు.