ఆహారపు గొలుసులో శక్తి ప్రవాహం

బస్రా నగరవాసియైన అరబీ రచయిత అల్ జాహిజ్ (మరణం హిజ్రీ 255, క్రీ.శ. 868-69) తన ‘కితాబుల్ హయవాన్’ (జంతు గ్రంథం)లో ఒక విషయాన్ని నిశితంగా గమనించాడు: తనకంటె బలహీనమైన ప్రాణిని వేటాడే జంతువు, తానూ మరొక బలమైన జంతువుకు ఆహారమవుతుంది. నేటి జీవావరణ శాస్త్రం దీనినే ‘ఆహారపు గొలుసు’ అంటున్నది. అయితే ఈ గొలుసు ఎందుకు నాలుగైదు కొక్కేలకు మించి సాగదు? అడవిలో గడ్డి అపారం, జింకలు అనేకం, పులులు మాత్రం కొద్ది. కారణమేమి?

దీనికి లెక్కతో జవాబు చూపినవాడు రేమండ్ లిండెమన్. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సీడర్ బాగ్ అనే చిన్న సరస్సును ఆయన కొన్నేళ్లపాటు పరిశోధించాడు. ఆ సరస్సులో ఒక చదరపు సెంటీమీటరు మేర ఏడాదికి పడే సూర్యశక్తి సుమారు 1,18,900 కాలరీలు. అందులో నాచూ, నీటిమొక్కలూ ఆహారంగా మార్చుకొన్నది 111 కాలరీలే, అనగా వెయ్యింట ఒక వంతు. మొక్కలను తినే ప్రాణులకు చేరినది సుమారు 15. ఆ ప్రాణులను తినే జీవులకు చేరినది 3.

ఈ సిద్ధాంత వ్యాసం ఊహలతో కూడినదని పరీక్షకులు మొదట నిరాకరించారు. ఆచార్య హచిన్సన్ దాని పక్షాన వాదించిన మీదట అంగీకరించారు. కాని 1942 అక్టోబరులో అది అచ్చయ్యేనాటికి లిండెమన్ లేడు. ఇరవై ఏడేళ్లు నిండకుండానే ఆ జూన్‌లో మరణించాడు.

మిగిలిన శక్తి ఏమైనట్లు? ప్రతి జీవీ తిన్నదానిలో అధికభాగాన్ని శ్వాసకూ, కదలికకూ ఖర్చుచేస్తుంది. అది వేడిగా మారి వెళ్లిపోతుంది. తినగా మిగిలినదీ, చచ్చి రాలినదీ సూక్ష్మజీవుల పాలవుతుంది. అవి కుళ్లబెట్టిన నత్రజని, భాస్వరం వంటి పదార్థాలు తిరిగి మొక్కలకు అందుతాయి. శక్తి అట్లు తిరిగిరాదు. వెలువడిన వేడిని ఏ ఆకూ మరల ఆహారంగా మార్చలేదు. పదార్థానిది చక్రం, శక్తిది ఒకే దిక్కు ప్రయాణం. కనుకనే సూర్యుడు ప్రతిదినం కొత్తగా ఇవ్వవలసి ఉన్నది.

ఈ లెక్క మన భోజనానికీ వర్తిస్తుంది. మేక బీడులోని తుమ్మాకు మేసి మాంసమైతే మనిషికి లాభమే, ఆ ఆకు అతడు తినలేనిది గనుక. మనిషి తినగల జొన్నలనే పశువుకు మేపితే, వాటిలోని శక్తిలో చాలాభాగం పళ్లెం చేరకముందే ఖర్చయిపోతుంది. అట్లే చెరువు నీరు మురికియై వెలుతురు లోపలికి దిగకపోతే మొదట తగ్గేది నాచు; దాని వెంట చిన్నచేప, పెద్దచేప, చివరకు కొంగ. పై మెట్టుపై ఉన్న జీవికి అందే వాటా అతిస్వల్పం గనుక, అడుగున జరిగిన నష్టాన్ని తట్టుకొనే నిల్వ దానికి ఉండదు.