లంబసింగిలో ఒంటరి గుడారం.. పక్కవారికి తెలిస్తేనే భద్రం

* చలి కంటే నిప్పుల కుంపటితోనే ముప్పు
* కుటుంబాల నడుమ బస చేసేవారికి కొన్ని మెలకువలు

చింతపల్లి: శీతకాలం వచ్చిందంటే అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి మంచు ముసుగు వేసుకుంటుంది. నవంబరు నుంచి జనవరి వరకు పర్యాటకులు ఘాట్‌రోడ్డు ఎక్కి వస్తారు. వసతిగృహాల్లో గదులు నిండిపోవడంతో గ్రామం చుట్టుపక్కల, తాజంగి జలాశయం సమీపాన, చెరువులవేనం దారిలో గుడారాలు వెలుస్తాయి. వీటిలో దిగేవారిలో అత్యధికులు పిల్లాపాపలతో వచ్చిన కుటుంబాలవారే. వారి నడుమ ఒక్కరే వచ్చి చిన్న గుడారం వేసుకునే యువకులు, ఉద్యోగులు, ఛాయాచిత్రకారులు, అక్కడక్కడ మహిళలు కూడా కనిపిస్తారు.

నిర్జన అరణ్యంలో కంటే నలుగురూ ఉన్న శిబిరంలో ఒంటరి వ్యక్తికి రక్షణ ఎక్కువ. అయితే ఆ రక్షణ దానంతట అది లభించదు. పక్క గుడారంలో ఒకరు ఒంటరిగా ఉన్నారన్న సంగతి ఇరుగుపొరుగుకు తెలిసినప్పుడే, ఆపద వేళ వారు తోడవుతారు. ఈ ఒక్క విషయాన్ని విస్మరించడం వల్లనే చిన్నపాటి అస్వస్థత సైతం ప్రాణం మీదకు వచ్చే అవకాశముంది.

చలి ఎందుకింత?

లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. స్థానికులు దీనిని కొర్రబయలు అని పిలుస్తారు. కొర్ర అంటే కర్ర. ఆరుబయట పడుకున్నవారు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారన్నది ఆ పేరుకు పెద్దలు చెప్పే అర్థం.

వాతావరణంలో ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీల మేర ఉష్ణోగ్రత తగ్గుతుంది. విశాఖ తీరంతో పోల్చితే ఇక్కడ చలి అంతకంటే ఎక్కువగా ఉండటానికి మరో రెండు కారణాలున్నాయి. శీతకాలంలో రాత్రివేళ ఆకాశం నిర్మలంగా ఉండటంతో పగలు నేల గ్రహించిన వేడి అడ్డులేకుండా పైకి వెళ్లిపోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలుల మీదుగా జారి లోయలో నిలిచిపోతుంది. అందుకే ఇక్కడ ఉష్ణోగ్రతలు ఒక అంకెకు పడిపోతుంటాయి. చలి పరాకాష్ఠకు చేరేది అర్ధరాత్రి కాదు, తెల్లవారుజామున. రాత్రి పది గంటలకు ఓర్చుకోగలిగిన చలిని చూసి దుప్పట్లు చాలుననుకుంటే నాలుగు గంటలకు వణుకు తప్పదు.

గుడారం వేడిని పుట్టించదు

గుడారం గాలిని, మంచును అడ్డుకుంటుందే తప్ప వెచ్చదనాన్ని సృష్టించదు. లోపల ఉండే కాస్త వేడీ మనిషి దేహం నుంచి వచ్చేదే. నలుగురు పట్టే గుడారంలో ఒక్కరు పడుకుంటే ఆ ఖాళీ స్థలమంతా చల్లగానే ఉంటుంది. కనుక ఒంటరిగా వచ్చేవారు ఒకరికో, ఇద్దరికో సరిపోయే చిన్న గుడారాన్నే అడిగి తీసుకోవాలి.

పైన కప్పుకునే దానికంటే కింద పరచుకునేదే ముఖ్యం. చల్లటి నేల దేహంలోని వేడిని నిరంతరం లాగేస్తుంది. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మందంగా ఉన్నా ఒంటి బరువుకు అడుగుభాగం అణగిపోయి చలిని ఆపలేదు. దాని కింద ఫోమ్ చాప తప్పనిసరి. అది లేకుంటే గుడారం అడుగున ఎండు వరిగడ్డి మందంగా పరిచినా మేలే.

జిప్పులన్నీ బిగించి లోపల వెచ్చగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఊపిరిలోని తేమ గుడారం గోడలకు నీటి బిందువులుగా పేరుకొని తెల్లవారుజామున పక్కపై కురుస్తుంది. తడిసిన దుప్పటి చలిని రెట్టింపు చేస్తుంది. పైభాగాన గాలి ఆడే కిటికీని కొంతైనా తెరిచి ఉంచాలి. పగలు తొడుక్కున్న దుస్తులు చెమటతో తేమగా ఉంటాయి గనుక పడుకునేముందు పొడి దుస్తులు, మేజోళ్లు, మంకీ క్యాప్ ధరించాలి. కడుపునిండా భోజనం చేసి పడుకోవాలి. మద్యం చలిని ఆపుతుందన్నది భ్రమ. అది చర్మం వద్ద రక్తనాళాలను వ్యాకోచింపజేయడంతో క్షణకాలం వెచ్చగా అనిపించినా, దేహంలోని వేడి మరింత వేగంగా బయటకు పోతుంది.

కనిపించని విషవాయువు

శిబిరాల్లో అసలు ప్రమాదం చలి కాదు, చలికి మనం వెతికే విరుగుడు. రాత్రి చలిమంట ఆరిన తర్వాత మిగిలిన నిప్పులను ఇనుప బొచ్చెలోనో, కుంపటిలోనో గుడారంలోకి తెచ్చుకోవాలని పలువురికి అనిపిస్తుంది. మంట లేదు, పొగ లేదు, కాబట్టి హాని లేదనుకుంటారు. వాస్తవానికి పొగ రాని నిప్పుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ అధికంగా వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. ఫలితంగా మెదడుకు, గుండెకు ప్రాణవాయువు అందదు.

తొలుత తలనొప్పి, వికారం, మగత కలుగుతాయి. ప్రయాణ బడలిక అనుకుని నిద్రకు ఉపక్రమిస్తారు. నిద్రలోనే స్పృహ తప్పుతుంది. ఒంటరిగా ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ. మాట తడబడుతోందని గుర్తించేవారు గానీ, లాగి బయట పడవేసేవారు గానీ ఉండరు. గుడారం కిటికీ తెరిచి ఉంచినా నిప్పులు లోపల పెట్టుకోవడం క్షేమం కాదు. గ్యాస్ పొయ్యికీ, కిరోసిన్ పొయ్యికీ ఇదే వర్తిస్తుంది. పైగా నైలాన్ గుడ్డ నిప్పురవ్వ తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. దోమల చుట్టనూ లోపల వెలిగించరాదు.

వెచ్చదనం కావాలంటే వేడినీటిని గట్టి మూత ఉన్న సీసాలో పోసి గుడ్డ చుట్టి పాదాల వద్ద ఉంచుకోవడం సురక్షిత మార్గం. ఎవరైనా మగతగా, మాట పొంతన లేకుండా కనిపిస్తే తక్షణం ఆరుబయటకు తెచ్చి 108కు ఫోను చేయాలి. ఆసుపత్రిలో ప్రాణవాయువు అందించడమే దీనికి ప్రధాన చికిత్స.

స్థలం ఎంపికలో..

ఒంటరిగా వచ్చేవారు ఏకాంతం కోరి శిబిరం చివరన, చెట్ల అంచున గుడారం వేయించుకోవడం పరిపాటి. అది సరికాదు. నిర్వాహకుల బసకు, మరుగుదొడ్లకు వెళ్లే దారికి చేరువగా, కుటుంబాల గుడారాలకు కనుచూపు మేరలో ఉండాలి. వాలుకు దిగువన, నీరు నిలిచే పల్లంలో వద్దు. చలిగాలి సైతం పల్లంలోనే పేరుకుంటుంది. కాస్త ఎత్తైన చదును నేల మేలు.

అనుమతి లేని చోట, రక్షిత అటవీ ప్రాంతంలో గుడారం వేయడం, నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం. 2021 జనవరిలో కేరళలోని వయనాడ్ జిల్లా మేప్పాడి సమీపాన గుడారాల్లో బస చేసిన ఒక మహిళ ఏనుగు దాడిలో మృతి చెందారు. లంబసింగి పరిసరాల్లో ఏనుగుల బెడద లేకున్నా, అడవి అంచు ఎక్కడైనా అడవి అంచే. పాములు, తేళ్లు ఉంటాయి. పాదరక్షలను గుడారం లోపలే ఉంచి, తొడుక్కునే ముందు దులపాలి. రాత్రి బయటకు వెళ్లేటప్పుడు టార్చిలైటు విడవరాదు. పాము కాటేస్తే కట్లు బిగించడం, కోయడం చేయక కాటు పడిన భాగాన్ని కదపకుండా చింతపల్లి లేదా నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి.

నలుగురిలో ఒకరిగా..

కుటుంబాలు ఉన్నచోట ఒంటరి మగవాడిని చూస్తే కొంత సంకోచం సహజం. దానిని తొలగించే బాధ్యత వచ్చినవారిదే. గుడారం వేసుకున్న వెంటనే పక్కవారిని పలకరించి ఊరు, పేరు చెప్పడం మర్యాద మాత్రమే కాదు, భద్రత కూడా. “అమ్మా, పక్క గుడారంలో నేనొక్కడినే ఉన్నాను. పొద్దున ఏడింటికి లేవకుంటే ఒక్క కేక వేయండి” అన్న ఒక్క మాట ఎంతో మేలు చేస్తుంది. ఆ మాట చెప్పడానికి బిడియపడాల్సిన పనిలేదు.

పిల్లలను, మహిళలను అనుమతి లేకుండా ఫొటోలు తీయరాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వినియోగించరాదు. ఇది ఒంటరివారికే కాక బృందాలకూ వర్తిస్తుంది.

ఒంటరిగా వచ్చే మహిళలు బస ఖరారు చేసుకునే ముందే అక్కడ కుటుంబాలు ఉన్నాయో లేదో, మరుగుదొడ్డికి లోపలి గడియ, దారిలో దీపాలు ఉన్నాయో లేదో వాకబు చేయాలి. చేరాక పరిస్థితి నచ్చకుంటే వెలుతురు ఉండగానే వేరే చోటికి మారిపోవడం ఉత్తమం. ఈలను చేతికందేలా ఉంచుకోవాలి. తాము ఒంటరిగా ఉన్నామన్న సంగతిని అందరికీ చాటనవసరం లేదు. పక్కనున్న ఒక కుటుంబానికి, నిర్వాహకులకు తెలిస్తే చాలు.

చెప్పి బయలుదేరాలి

నర్సీపట్నం నుంచి లంబసింగికి సుమారు 30 కిలోమీటర్లు. ఘాట్‌రోడ్డు మలుపుల్లో పొగమంచు దట్టంగా ఉండటంతో రాత్రి, తెల్లవారుజామున ద్విచక్రవాహనంపై ఒంటరి ప్రయాణం ప్రమాదకరం. డిసెంబరులో సాయంత్రం 5.30 గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. నాలుగు గంటలలోపు చేరుకుంటే వెలుతురులో పరిసరాలను పరిశీలించే వీలుంటుంది.

కొండల్లో ఫోను సంకేతాలు అన్నిచోట్లా అందవు. ఎక్కడ బస చేస్తున్నదీ, నిర్వాహకుల ఫోను నంబరు, తిరిగి ఎప్పుడు మాట్లాడేదీ ఇంట్లోవారికి ముందే చెప్పాలి. చలికి బ్యాటరీ త్వరగా తగ్గుతుంది గనుక రాత్రి ఫోనును దుప్పటిలోనే ఉంచుకోవాలి. తెల్లవారుజామున మేఘాల దృశ్యం కోసం చెరువులవేనం కొండెక్కేవారు ఒంటరిగా బయలుదేరక శిబిరంలోని ఇతరులతో కలిసి వెళ్లడం శ్రేయస్కరం.

ఆతిథ్యం గిరిజనులది

ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూములు గిరిజనేతరులకు బదిలీ కారాదు. అద్దెకు గుడారాలు వేసే గిరిజన యువకులకు ఈ రెండు మూడు నెలల రాబడి వ్యవసాయానికి ఆసరా. స్థానికుల వద్ద బస చేసి, వారి చేతి వంట తింటే ఆ సొమ్ము మన్యంలోనే నిలుస్తుంది. పైగా వాతావరణం, దారులు, అపాయాలు వారికి తెలిసినట్లు మరొకరికి తెలియవు. కాఫీ తోటల్లో, స్ట్రాబెర్రీ మడుల్లో అడగకుండా అడుగుపెట్టరాదు. తెచ్చిన ప్లాస్టిక్ సీసాలు, కవర్లు తిరిగి తీసుకెళ్లాలి.

ఇవి మరువరాదు

* నిప్పులు, కుంపటి, పొయ్యి ఏదీ గుడారం లోపలికి వద్దు. చలిమంటను నీళ్లు చల్లి పూర్తిగా ఆర్పాకే పడుకోవాలి.
* ఫోమ్ చాప, స్లీపింగ్ బ్యాగ్, పొడి దుస్తులు, టార్చి, ఈల, నిత్యం వాడే మందులు వెంట ఉండాలి.
* కాచి చల్లార్చిన నీరే తాగాలి. మన్యంలో మలేరియా బెడద ఉన్నందున ఒంటికి దోమల నివారణ లేపనం రాసుకోవాలి. తిరిగి వెళ్లాక జ్వరం వస్తే మన్యానికి వెళ్లిన సంగతి వైద్యుడికి చెప్పాలి.
* ఆస్తమా, గుండె జబ్బులు ఉన్నవారు వైద్యుల సలహా లేకుండా ఒంటరిగా రారాదు.
* అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108, మహిళలకు 181 నంబర్లను సంప్రదించాలి.
* పడుకునే ముందు కనీసం ఒక్క పొరుగువారికైనా చెప్పాలి. ఉదయం లేచాక వారికి కనిపించాలి.