కారు గేరు దింపుటలో పాదముల నేర్పు

సారథ్యము స్త్రీలకుఁ గ్రొత్త విద్య కాదు. యుద్ధభూమిలో స్పృహ దప్పిన దశరథుని కైకేయి యావలకుఁ గొనిపోయి కాపాడెనని రామాయణము చెప్పుచున్నది. నేఁడు కారు నడుపు గృహిణులును తమవారి ప్రాణములను చేతఁ బట్టుకొనియే కూర్చుందురు. మా అశ్వారావుపేట చుట్టునుగల పామాయిలు తోఁటల నడుమ దారులు చాల వఱకు సమతలములు. భద్రాచలము, చింతూరు దాఁటి మారేడుమిల్లి ఘాట్ దారిఁ బట్టినప్పుడుగాని గేరు విలువ తెలియదు.

పల్లమున ఎడతెగక బ్రేకునే నొక్కియుంచినచో అది రాపిడిచే వేఁడెక్కి పట్టు సడలును. దిగువ గేరున నున్న ఇంజనో, చక్రముల వేగమును తానే అరికట్టును. కావున పల్లము మొదలు కాకమునుపే గేరు దింపవలెను. కొండ నే గేరున నెక్కవలసియుండునో ఆ గేరుననే దిగుట మేలని డ్రైవర్ల పాత నియమము.

గేరు దింపునప్పుడు కుదుపేల కలుగును? మూఁడవ గేరులో ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అదే వేగమున రెండవ గేరునకు వచ్చినచో సుమారు 3000 చుట్లు తిరుగవలసియుండును. క్లచ్చి వదలిన క్షణమున ఆ లోటును చక్రములే తీర్పవలసివచ్చును; అదియే కుదుపు. తడిదారిలో చక్రములు జాఱుటకును అది హేతువు కావచ్చును. 1928లో కాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్ అను ఏర్పాటు గేరుపెట్టెలోని పండ్లచక్రముల వేగములను కలుపునే కాని ఇంజను వేగమును పెంచదు. ఆ పని పాదముదే.

ఇందులకు పందెపుఁగార్లవారు వాడు ఉపాయము 'హీల్ అండ్ టో'. కుడి మునిపాదము బ్రేకును నొక్కుచుండఁగా, ఎడమ పాదము క్లచ్చిని త్రొక్కును. చేయి గేరు మార్చునంతలో, కుడి పాదపు వెలియంచునో మడమనో ప్రక్కకు వాల్చి ఆక్సిలరేటరును ఒక్కమాఱు తట్టవలెను. ఇంజను వేగము పెరిగినంతనే క్లచ్చిని మెల్లగా వదలవలెను. ఇంత జరుగుచున్నను బ్రేకుపై ఒత్తిడి మాఱరాదు. కష్టమంతయు నిందే యున్నది.

అభ్యాసము మెట్టుమెట్టుగా సాగవలెను. తొలుత నిలిచిన బండిలో, ఇంజను ఆపి, హ్యాండుబ్రేకు వేసి, పాదమును వాల్చుట మాత్రమే నేర్వుఁడు. పిమ్మట నిర్జనమైన సొంత మైదానమున, అనుభవజ్ఞులను ప్రక్కనుంచుకొని, బ్రేకు లేకయే గేరు దింపుచు ఆక్సిలరేటరును తట్టుట అలవఱచుకొనుఁడు. ఆ రెండును కుదిరిన పిదపనే బ్రేకుతోఁ గలుపవలెను. మడమ యెత్తైన చెప్పులు పనికిరావు. పలుచని యడుగుగల బూట్లు మేలు. చీర కుచ్చెళ్లు పెడళ్లకుఁ దగులకుండ పైకి దోపుకొనుఁడు. కొన్ని కార్లలో పెడళ్ల యెడము ఈ పనికి అనుకూలింపదు, అట్టివానిలో పట్టుపట్టకుఁడు.

ఒక్క హెచ్చరిక. ఘాట్ దారియు, బిడ్డలు కూర్చున్న కారును ఈ విద్యను పరీక్షించు తావులు కావు. ఆపద యెదురైనప్పుడు కుడి పాదము బ్రేకును విడిచి మఱియొక దానికై వెదకరాదు. ఈ నేర్పు రాకున్నను, ముందుగా వేగము తగ్గించి, సకాలమున గేరు దింపి, క్లచ్చిని నెమ్మదిగా వదలినచో క్షేమముగా దిగవచ్చును. వచ్చినచో దాని ఫలము వేగము కాదు, నెమ్మది. వెనుక సీటులో నిదురించు బిడ్డ, గేరు దిగినట్లే యెఱుఁగకున్నచో, ఆ విద్య అబ్బినట్లే.