చిన్న పడవకు తగిన తెరచాప

భూపాలపల్లి జిల్లాలో కాళేశ్వరము వద్ద ప్రాణహిత గోదావరిలో కలియుచున్నది. దానికి దిగువన ఇంచంపల్లి కలదు. 19వ శతాబ్దిలో సముద్రతీరమునుండి నడిమి దేశము వరకు గోదావరిమీద పడవలు నడుపవలెనని సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టినపుడు, నదిలోని బండలు దారి కడ్డుపడిన తావులలో ఇంచంపల్లి ఒకటి. దుమ్మగూడెము వద్ద ఆనకట్ట లేచినది గాని, మొత్తము పథకము 1871లో ఆగిపోయినది. తెరచాపతో నడచు చిన్న పడవను దగ్గరగా చూడగోరు ఈ జిల్లా విద్యార్థి నేడు హైదరాబాదులోని హుస్సేన్ సాగరుకు పోవుట మేలు. నైఋతి ఋతుపవనములు బలముగా వీచు జూలై మాసమున అచట పడవ పందెములు జరుగును.

ఆ పందెములలో కానవచ్చు పడవలలో లేజర్ అనునది ముఖ్యము. ఇపుడు దీనిని ఇల్కా అనుచున్నారు. కెనడా దేశీయుడైన బ్రూస్ కర్బీ దీనిని రూపొందించెను. పొడవు 4.2 మీటర్లు. పడవ ఒక్కటే గాని, దానికి తెరచాపలు మూడు కొలతలలో దొరకును: 7.06, 5.76, 4.7 చదరపు మీటర్లు. ఒకే పడవకు మూడు తెరచాపలేల?

గాలి వెనుకనుండి వచ్చునపుడు తెరచాప గాలిని అడ్డగించు తడిక వంటిది. పడవ ముందుకు త్రోయబడును. గాలి ప్రక్కనుండి వచ్చునపుడు సంగతి వేరు. అపుడు తెరచాప పక్షి రెక్కవలె పనిచేయును. ఉబ్బిన వెలుపలి వైపున గాలి వేగముగా సాగి పీడనము తగ్గును. లోపలి వైపున పీడనము హెచ్చుగా నుండును. ఈ తేడా వలన కలిగిన బలములో ఎక్కువ పాలు పడవను ప్రక్కకు నెట్టును, కొంత పాలు ముందుకు లాగును. పడవ అడుగున నీటిలోనికి దిగిన పలక ప్రక్క కదలికను ఆపును గాని, పడవ ఒరగుటను ఆపజాలదు. అందులకు నడపువాడు తన దేహమును అంచు వెలుపలికి వ్రేలాడవేయవలెను. అతని బరువే అతనికి ఆధారము.

ఇక లెక్క చూడవచ్చును. గాలి సెకనుకు 5 మీటర్ల వేగముతో వీచునపుడు చదరపు మీటరుకు కలుగు పీడనము ఇంచుమించు 15 న్యూటనులు. 7 చదరపు మీటర్ల తెరచాపపై 105 న్యూటనులు, అనగా దాదాపు 11 కిలోల బరువంత. గాలి వేగము 10 మీటర్లైనచో ఈ బలము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. 43 కిలోలకు చేరును. ఆకారమును బట్టి, గాలికి త్రిప్పిన కోణమును బట్టి అంకెలు మారును గాని, వేగపు వర్గమును బట్టి బలము పెరుగుట మారదు. 45 కిలోల బాలుడు పెద్ద తెరచాపతో ఇట్టి గాలిలోనికి పోయిన పడవ తలక్రిందులగుట ఖాయము. 4.7 చదరపు మీటర్ల తెరచాప పెద్దదానిలో మూడింట రెండు వంతులే. ఒకటిన్నర యొక్క వర్గమూలము 1.22; కావున పెద్దదానితో 8 మీటర్ల గాలిలో కలుగు బలము చిన్నదానితో దాదాపు 10 మీటర్ల గాలిలో గాని కలుగదు. చిన్న తెరచాపకు స్తంభము కూడ పొట్టిదగుటచే బలము క్రిందుగా పనిచేసి, పడవను ఒరగించు శక్తి మరింత తగ్గును.

ఇచట ఒక చిక్కు కలదు. తెరచాప చిన్నదైనకొలది దాని బలము పనిచేయు బిందువు ముందుకు జరుగును. అపుడు పడవ గాలికి ఎదురుగా పోవనొల్లక ప్రక్కకు తిరిగిపోవజూచును. అందుచేత అతి చిన్న తెరచాప స్తంభమును కొంచెము వెనుకకు వంచి చేసిరి. తెరచాపను కత్తిరించి కురచ చేసిన చాలునని తలచువారు దీనిని గమనింపవలెను.

విహారమునకు దూరము పోవు పడవలో గాలి మారినపుడెల్ల తెరచాప మార్చుట సాధ్యము కాదు. అందుచేత పెద్ద తెరచాపలోనే అడ్డముగా ఒకటి రెండు వరుసల కన్నములుంచి, గాలి హెచ్చినపుడు అడుగు భాగమును మడిచి కట్టుదురు. కొత్త తెరచాప కుట్టించుకొనువారు రెండు మడతలకు ఏర్పాటు చేయించుకొనుట మంచిది. అక్కరపడిన నాడు ఆ ఖర్చు ఎక్కువ యనిపించదు.

గుడ్డను ఎన్నుకొనుట మరియొక విషయము. వరంగల్లు ప్రాంతపు వారికి పడుగు, పేకలను గూర్చి చెప్పనక్కరలేదు. ఒక చేతిరుమాలును నూలు పోగుల వెంబడి లాగి చూడుడు, అది సాగదు. మూలనుండి మూలకు లాగుడు, సులభముగా సాగును. తెరచాపలో ఒత్తిడి వెనుక అంచు వెంబడి ఎక్కువ. కావున గుడ్డ పట్టీలను ఆ అంచుకు అడ్డముగా పరచి కుట్టుదురు; అపుడు పేక పోగులు అంచు వెంబడి నిలిచి ఒత్తిడిని ఓర్చును. ఇందుకొరకే పేక బలముగా, వంకరలేకుండ నేసిన గుడ్డను ఏరుకొందురు. పూర్వపు నూలుగుడ్డ తడిసి కుళ్లెడిది, సాగెడిది. 1941లో ఇంగ్లండులో కనుగొనబడి టెరిలీన్ అను పేరుతో మన బజారులకు వచ్చిన కృత్రిమ దారము తరువాతి కాలమున దాని స్థానమును ఆక్రమించెను. నైలాను బలమైనదే గాని సాగును. వెనుకగాలికి వాడు పెద్ద తేలిక తెరచాపలకే అది తగును. పలుచని ప్లాస్టిక్ పొర అంటించిన గుడ్డలు ఆకారమును బాగుగా నిలుపును గాని, ఖరీదెక్కువ, ఆయువు తక్కువ. విహార పడవకు నేసిన టెరిలీన్ గుడ్డయే చాలును.

పాత తెరచాప చినగకపోయినను పనికిరాకుండ పోవచ్చును. ఎండలోని అతినీలలోహిత కిరణములు దారమును బలహీనపరచును. గాలిలో టపటప కొట్టుకొనుట వలన గుడ్డలోని జిగురు విరిగిపోవును. పొట్ట లోతై, వెనుకకు జరుగును. పడవ ముందుకు పోవుట తగ్గి ఒరగుట హెచ్చును. దీనిని కొలుచుట సులభము. తెరచాప గాలితో నిండినపుడు ముందంచునుండి వెనుకంచుకు, నడిమి ఎత్తున, ఒక దారము బిగించి, దానినుండి పొట్ట ఎంత లోతున్నదో చూడవలెను. దారము 2 మీటర్లై లోతు 24 సెంటీమీటర్లున్నచో అది నూటికి 12 వంతులు. సామాన్యమైన గాలికి తగిన లోతు. అదే తెరచాప కొన్నేండ్లకు 36 సెంటీమీటర్లు చూపి, ఆ లోతు వెనుక సగములో నున్నచో, త్రాళ్లను ఎంత బిగించినను అది మునుపటి ఆకారమునకు రాదు. కొత్తదానికి కొలతలిచ్చునపుడు ఆ సాగిన గుడ్డను కొలువరాదు. స్తంభమును, అడుగు వాసమును కొలిచి ఈయవలెను.