బీరువాలోని సీడీలో పెళ్ళి ఫోటోలు పదిలమేనా?

కడప: పెళ్ళినాటి ఫోటోలు పదికాలాల పాటు నిలవాలని కోరుకోని వారుండరు. డిజిటల్ కెమెరాలు వచ్చాక స్టూడియోల వారు ఆల్బంతో పాటు సీడీనో, డీవీడీనో చేతికివ్వడం ఆనవాయితీ అయింది. ఆ సీడీ పట్టుచీరెలతో పాటు బీరువా చేరింది. ఇక భయం లేదనుకున్నారు. తీరా ఇరవై ఏళ్ళకు తీసి చూస్తే కొన్ని తెరుచుకోవడం లేదు.

సినిమా సీడీ ఫ్యాక్టరీలో అచ్చు గుద్దినది. స్టూడియోలో రాసి ఇచ్చిన సీడీలో మాత్రం పల్చటి రంగు పొర ఉంటుంది. లేజర్ కిరణం ఆ పొర మీద కాల్చిన మచ్చలే మన ఫోటోలు. ఎండకు చీర వెలిసినట్లే వేడికి, వెలుతురుకు, చెమ్మకు ఈ రంగూ వెలుస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన జిల్లాలో ఈ బెడద మరీ ఎక్కువ. పైగా చెడుతున్న సంగతి ముందుగా తెలియదు. చిన్న లోపాలను డ్రైవే సరిదిద్దుకుని చదువుతుంది. లోపాలు హద్దు మీరిన రోజున ఫోటో రాదు.

చాలామంది మెరిసే వైపునే జాగ్రత్తగా చూసుకుంటారు. నిజానికి సీడీ ప్రాణం పేరు రాసే వైపున ఉంది. అక్కడ లోహపు పొరకు సన్నటి పూత తప్ప వేరే రక్షణ లేదు. బాల్‌పెన్నుతో గట్టిగా రాసినా, అంటించిన కాగితం పీకినా పొర దెబ్బతింటుంది. సీడీని అంచులతో పట్టుకోవాలి. పెట్టెలో నిలువుగా ఉంచాలి. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తుడవాలే గాని గుండ్రంగా రుద్దరాదు.

రంగుకు బదులు ఖనిజ పొర ఉండే ఎం-డిస్కులు ఎక్కువ కాలం నిలిచేలా తయారైనవి. అయితే డిస్కు నిలిస్తే చాలదు, చదివే యంత్రమూ ఉండాలి గదా! కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డ్రైవే లేదు. రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ కంపెనీ 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది.

మరి దారేమిటి? అది కడప వారికి కొత్త కాదు. తాటాకూ శాశ్వతం కాదు. పురుగు తింటుంది, పొడి అవుతుంది. ఎప్పటికప్పుడు ఎత్తి రాసినందునే మన కావ్యాలు నిలిచాయి. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఈ ఊళ్ళోనే పండితులకు జీతాలిచ్చి ప్రతులు రాయించారు.

ఫోటోలకూ అదే మార్గం. సీడీలోనివన్నీ హార్డ్ డిస్కులోకి ఎక్కించాలి. మరో ప్రతి వేరే ఊళ్ళోని బంధువుల ఇంట ఉంచాలి. ఎక్కించాక ఒక్కొక్క ఫోటో తెరిచి చూసుకోవాలి. కొన్నేళ్ళకోసారి మళ్ళీ కొత్త దానిలోకి మార్చాలి. ఒక డ్రైవులో పలకని సీడీ మరో దానిలో పలకవచ్చు గనుక తొందరపడి పారవేయరాదు.

ఆ ఫోటోల్లో అక్షింతలు వేస్తున్న తాతయ్యలు, అమ్మమ్మలు చాలామంది ఇప్పుడు లేరు. వారిని మళ్ళీ ఫోటో తీయించలేము. ఈ ఆదివారమే బీరువా తెరవడం మంచిది.