చెక్కకి ఉప్పు ఊరబెడతారా? బోరాన్ ట్రీట్‌మెంట్ అసలు కథ

పైన్ చెక్కతో షెల్ఫో, మంచమో చేయించుకున్నారా? తక్కువ ధర, తేలిక, చూడ్డానికి బాగుంటుంది. కానీ టేకులా తట్టుకోదు. చెదలు, పురుగు, తేమ తగిలితే కుళ్లు... మూడూ పడతాయి. ఈ మూడింటికీ చవకైన మందు ఒకటుంది: బోరాన్ ఉప్పు.

ఇది మనకి కొత్తేం కాదు. క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడర్ చాలావరకు బోరిక్ యాసిడే. దానికి బోరాక్స్ కలిపితే నీళ్లలో ఇంకా బాగా కరుగుతుంది. ఈ మందు పట్టిన చెక్కని తిన్న పురుగుకి తిన్నది అరగదు, చచ్చిపోతుంది. కుళ్లు తెచ్చే ఫంగస్ కూడా పెరగదు.

మరి లోపలికి ఎలా వెళ్తుంది? మాగాయకి ముక్కలు ఉప్పులో ఊరబెడతాం కదా, అలాగే! అప్పుడే కోసిన పచ్చి చెక్కని గాఢమైన ద్రావణంలో ముంచి, దొంతరగా పేర్చి, గాలి తగలకుండా కొన్ని వారాలు కప్పి ఉంచుతారు. చెక్కలో ఉన్న తడి వెంటే ఉప్పు లోపలికి పాకుతుంది. ఎండిన చెక్కకి పైపైన పూస్తే లోతుకి పోదు. అందుకే ఫ్యాక్టరీల్లో ప్రెషర్ పెట్టి ఎక్కిస్తారు.

ఇది చేయకపోతే ఏమవుతుందో న్యూజిలాండ్‌ని అడగాలి. అక్కడ ఇళ్ల గోడల లోపల ఫ్రేము పైన్ చెక్కదే. దశాబ్దాల పాటు బోరాన్ పట్టించి వాడారు. 1990లలో, బట్టీలో ఆరబెడితే చాలు, మందు అక్కర్లేదని అనుమతిచ్చారు. అదే సమయంలో వచ్చిన కొత్త డిజైన్ గోడల్లోకి వాన నీళ్లు దిగాయి, ఆరే దారి లేదు. వేల ఇళ్లలో ఫ్రేములు లోపలే కుళ్లిపోయాయి. జనం అప్పులపాలయ్యారు. 2004లో మళ్లీ ట్రీట్‌మెంట్ రూల్ తెచ్చారు.

అయితే ఒక్క మాట. తడితో లోపలికి వెళ్లిన ఉప్పు, తడితోనే బయటికి వచ్చేస్తుంది. వానలో తడిసే గేటుకి, నేలలో పాతే గుంజకి ఇది పనికిరాదు. ఇంట్లో వస్తువులకే.

మీరే పూయాలనుకుంటే ముందు పాత పాలిష్ గీకేయండి, లేకపోతే మందు ఇంకదు. రెండు మూడు కోటింగులు వేసి, బాగా ఆరాక పెయింట్ వేయండి. గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి. చపాతీ పీటకి, కూరగాయలు కోసే చెక్కకి అస్సలు వద్దు. ద్రావణం పిల్లలకి అందనివ్వకండి.

ఈసారి చెక్క సామాను కొనేటప్పుడు ధర ఒక్కటే కాదు, "మందు పట్టించారా?" అని కూడా అడగండి.