కామెర్లు అంటే ఏమిటి?

పచ్చకామెర్లవానికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. నిజానికి పచ్చబడేది రోగి కళ్లే. రక్తంలో బిలిరుబిన్ పెరగడమే ఇందుకు కారణం.

కామెర్లు జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. కలుషిత నీటివల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ, రక్తం ద్వారా సోకే బి, సి, సారా, పైత్యనాళంలో అడ్డుపడిన రాయి - వీటిలో ఏదైనా కావచ్చు.

ఎ, ఇ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కుతుంది. అడ్డుపడిన రాయి పసరుకు కరగదు. వాతలు పెట్టిస్తే పుండ్లే మిగులుతాయి.

గర్భిణికి హెపటైటిస్ ఇ ప్రాణాంతకం కావచ్చు. కామెర్లున్న గర్భిణిని, మగతగా ఉన్న రోగిని, పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడిన బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఎవరికైనా కామెర్లంటే "దేనివల్ల?" అని అడగండి, రక్తపరీక్ష చేయించండి. నీరు కాచి త్రాగండి.